రెండు బ్లేళ్ళ స్కేట్స్, శనివారం హాకీ క్లాసు: మా రివ్యూ, మధ్యలో డక్ లేక్ కథ

ఈ చలికాలం మా పాపకి స్కేట్స్ కొనడం, హాకీ క్లాసులో చేర్చడం రెండూ అయ్యాయి. కెనడాలో, సాస్కటూన్‌లో కొత్తగా దిగిన మనవాళ్ళు నలుగురైదుగురు ఫోన్ చేసి ఏం కొనాలి, ఎక్కడ చేర్చాలి అని అడిగారు, ఒక్కొక్కళ్ళకీ అదే పురాణం మళ్ళీ మళ్ళీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. మధ్యలో కథ పక్కదారి పట్టి, డక్ లేక్ అనే ఊళ్ళో ఒకప్పుడు ఆదివాసీ పిల్లల్ని పెట్టిన బడి దాకా పోతుంది, ముందే చెప్తున్నా. స్కేట్స్ సైజు కోసమే వచ్చినవాళ్ళు కింద ఆ పేరా వెతుక్కుని చదివి వెళ్ళిపోండి, ఏమీ అనుకోను.

ఇక్కడ హాకీ అంటే ఐస్ హాకీనే. మా అమ్మకి వీడియో కాల్‌లో పాపని హాకీలో వేశాం అంటే "ధ్యాన్‌చంద్ ఆడాడే, అదేనా? మంచిదే, పిల్లకి కాస్త ఎండ తగుల్తది" అంది. బయట మైనస్ 28. ఫోన్ తిప్పి కిటికీలోంచి చూపించా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ మంచులో గడ్డి ఎట్లా మొలుస్తదిరా" అంది. ఖమ్మంలో కూర్చున్న మనిషికి గడ్డకట్టిన నీళ్ళ మీద ఇనప బ్లేళ్ళతో ఆడే ఆట గురించి చెప్పడం నావల్ల కాలేదు.

సరే, స్కేట్స్. పాపకి ఐదేళ్ళు. మొదట కొన్నది రెండు బ్లేళ్ళ స్కేట్స్, అంటే ఒక్కో కాలి కింద పక్కపక్కనే రెండు బ్లేడ్లు ఉంటాయి, మామూలు స్నో బూట్ మీదే పట్టీలతో బిగించేస్తాం. ముప్పై డాలర్ల లోపే వచ్చాయి. పడిపోదు కదా అని మేం మురిసిపోయాం. నిజంగానే పడిపోదు, కానీ ముందుకీ పోదు! బాతులాగా ఠక్ ఠక్ అని నడుస్తుంది అంతే. ఐస్‌ని కొరికే అంచు వాటికి ఉండదు, కాబట్టి తోసుకుని జారడం అనేది పిల్లకి అర్థమే కాదు. పైగా చలికి ప్లాస్టిక్ బకిల్ రాయిలా బిగుసుకుపోయి పట్టీ ఐదు నిమిషాలకోసారి ఊడేది, ఊడినప్పుడల్లా నేను గ్లౌజులు తీసి, వేళ్ళు కొంకర్లు పోతుండగా మళ్ళీ బిగించడం. మూడు నాలుగేళ్ళ పిల్లలకైతే సరదాకి ఓకే, ఐదు దాటితే దండగ. 5కి 2.

ఈ పట్టీ గొడవలో ఉన్నప్పుడే, మా వీధి చివర అవుట్‌డోర్ రింక్ దగ్గర ఒక పెద్దాయన మా దగ్గరికొచ్చాడు. క్రీ మనిషి, అంటే ఇక్కడి ఆదివాసీ తెగల్లో ఒకదానివాడు. రింక్ పక్కన చెక్క గుడిసె ఉంటుంది కదా, అందులో హీటర్ పెట్టుకుని కూర్చుని వచ్చిన పిల్లలందరికీ లేసులు కట్టిపెడతాడు. పిల్లలందరూ ఆయన్ని మూషుమ్ అంటారు, క్రీ వాళ్ళు తాతయ్యని అట్లా పిలుస్తారు. మా పాప కాళ్ళకేసి చూసి ముసిముసిగా నవ్వి "బాబ్ స్కేట్స్!" అన్నాడు. "నాకూ ఇవే ఉండేవి. ఫ్రెడ్ కూడా వీటితోనే మొదలుపెట్టాడు తెలుసా." ఫ్రెడ్ ఎవరు అని అడిగా. ఆయన నావైపు చూసిన చూపు ఎట్లా ఉందంటే, హైదరాబాద్‌లో నిలబడి సీకే నాయుడు ఎవరు అని అడిగినట్టు.

ఫ్రెడ్ సాసకమూస్. ఇంటికొచ్చి వెతికా, తర్వాత ఆయన తన కథ తనే చెప్పుకున్న పుస్తకం లైబ్రరీలో దొరికింది, రెండు వారాల్లో పూర్తి చేశా. 1933 డిసెంబర్ 25న పుట్టాడు, మా ఊరికి ఉత్తరాన ఉన్న అటాకకూప్ క్రీ నేషన్ వాళ్ళ మనిషి. చిన్నప్పుడు వాళ్ళ తాత సరస్సు మీదికి తీసుకెళ్ళి మొకాసిన్ల (మెత్తటి తోలు జోళ్ళు) మీద ఈ బాబ్ స్కేట్స్ కట్టి వదిలేవాడట. విల్లో కొమ్మ నరికి వంచి స్టిక్ చేసి ఇచ్చేవాడు. ఆ తాతకి మాటలు రావు, చెవులు వినపడవు. అంటే ఈ దేశంలో పేరుమోసిన ఒక హాకీ ఆటగాడికి మొదటి కోచ్ ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి. నేనేమో పాప పక్కన పరిగెత్తుతూ "మోకాళ్ళు వంచు, వంచు, కిందకి చూడకు" అని గొంతు చించుకుంటున్నా.

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆయన గురించి ఇక్కడ మామూలుగా చెప్పుకునే కథ ఇంకోలా ఉంటుంది: రెసిడెన్షియల్ స్కూల్లో హాకీ నేర్చుకున్నాడు, అక్కణ్ణుంచి ఎన్‌హెచ్‌ఎల్ దాకా, అంటే ఇక్కడి అన్నిటికన్నా పెద్ద హాకీ లీగ్ దాకా పోయాడు అని.

రెసిడెన్షియల్ స్కూల్ అనగానే మనవాళ్ళకి గురుకులమో, విజయవాడ కార్పొరేట్ కాలేజీ హాస్టలో గుర్తొస్తుంది. నేను రెండేళ్ళు అట్లాంటి దాంట్లోనే ఉన్నా, పొద్దున్నే నాలుగున్నరకి స్టడీ అవర్, నీళ్ళ సాంబారు, ఆదివారం అరగంట ఫోను. జైలురా బాబూ అని జోకులేసుకునేవాళ్ళం. ఇక్కడ ఆ పోలిక తేవడానికి నోరు రాదు. మమ్మల్ని అమ్మానాన్న అప్పు చేసి మరీ చేర్చారు, సంక్రాంతికి బస్సెక్కి ఇంటికి పోయేవాళ్ళం, వార్డెన్ని బూతులు తిట్టినా తెలుగులోనే తిట్టేవాళ్ళం. ఇక్కడ ఆదివాసీ పిల్లల్ని ఆ బళ్ళకి పంపడం చట్టం. 1920లో ఇండియన్ యాక్ట్ (ఇక్కడి ఆదివాసీల మీద పెట్టిన చట్టం) మార్చి తప్పనిసరి చేశారు. పిల్లల్ని ఇళ్ళలోంచి తీసుకుపోయి జుట్టు కత్తిరించి, సొంత బట్టలు తీసేసి, సొంత భాష మాట్లాడితే కొట్టి, చాలా చోట్ల పేరుకి బదులు నంబర్ పెట్టి పిలిచేవాళ్ళు. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది చర్చిలు. దేశం మొత్తం మీద లక్షా యాభై వేల మంది దాకా పిల్లలు ఈ బళ్ళలోంచి వచ్చారని లెక్క. తిరిగి ఇంటికి రాకుండా చనిపోయినవాళ్ళు ఇప్పటిదాకా దొరికిన రికార్డుల ప్రకారమే నాలుగు వేలకి పైన. ప్రభుత్వం పార్లమెంట్‌లో క్షమాపణ చెప్పింది 2008 జూన్‌లో. అప్పటికి నేను ఇంజనీరింగ్ చదువుతున్నా, కెనడా అంటే మంచు, పీఆర్ (శాశ్వత నివాసం) తప్ప ఇంకేం తెలీదు.

ఫ్రెడ్‌కి ఆరేడేళ్ళప్పుడు ట్రక్కు వచ్చింది. ఆయన్నీ, అన్న ఫ్రాంక్‌నీ ఎక్కించుకుని డక్ లేక్‌లో సెయింట్ మైకేల్స్ స్కూల్‌కి పట్టుకుపోయారు. ఆ స్కూలు 1894లో మొదలై 1996 దాకా నడిచింది. 1996 అంటే నేను ఎలిమెంటరీ స్కూల్లో పలకా బలపం పట్టుకుని ఉన్నా. పాత కాలం సంగతి అనుకుని చదువుతుంటే ఆ అంకె దగ్గర చప్పున ఆగిపోయా.

అక్కడ హాకీ ఎట్లా నేర్పేవాళ్ళంటే. క్యూబెక్ నుంచి వచ్చిన ఒక ఫాదర్ ఉండేవాడు, హాకీ పిచ్చి, మిలిటరీ క్రమశిక్షణ. రోజూ స్కేటింగ్ తప్పనిసరి. చెప్పింది చెప్పినట్టు చెయ్యకపోతే తోలు పట్టీతో దెబ్బలు. మిగతా రోజంతా పాలు పితకడం, కొట్టాల్లో పని, ప్రార్థనలు. తొమ్మిదేళ్ళప్పుడు తోటి పెద్ద పిల్లల చేతుల్లో తన మీద జరిగిన లైంగిక దాడి గురించి ఫ్రెడ్ ముసలితనంలో నోరు విప్పి అందరి ముందూ చెప్పుకున్నాడు. ఎనభై దగ్గరపడ్డ మనిషి, అన్నేళ్ళు కడుపులో దాచుకుని. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి వంటింట్లోకి వెళ్ళి అంట్లు తోమా, నా వంతు కాకపోయినా.

మళ్ళీ అదే మనిషి ఆ ఫాదర్ వల్లే నా ఆట పదునెక్కింది అని కూడా అంటాడు. కొట్టిన చేతినే మెచ్చుకోవడం. మనకి అర్థం కాని విషయమేం కాదు, మా తరంలో సగం మంది "మా సారు చితక్కొట్టాడు కాబట్టే ఇట్లా ఉన్నాం" అని గొప్పగా చెప్పుకుంటారు, నేనూ చెప్పుకున్నా. కానీ ఈయన మాటలు జాగ్రత్తగా చదివితే ఇంకోటి కనిపిస్తుంది. ఐస్ మీద ఉన్న ఆ గంట మాత్రమే ఆయన తనలాగా ఉన్నాడు. వెనకాల ఎవరూ పట్టుకోలేని వేగం. మొన్నటి విచారణ కమిషన్, అదే ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్, దాని ముందు చెప్పుకున్నవాళ్ళలో చాలామంది ఇదే మాట అన్నారు, ఆటలే లేకపోతే ఆ బడిలో బతికేవాళ్ళం కాదు అన్నట్టు. 2015లో ఆ కమిషన్ ఇచ్చిన 94 సిఫార్సుల్లో 87 నుంచి 91 దాకా ఆటల గురించే ఉన్నాయి, ఈ ఆటగాళ్ళ చరిత్ర జనానికి చెప్పండి అనేది అందులో మొదటిది.

బడి నడిపినవాళ్ళకి మాత్రం హాకీ ఇంకో రకంగా పనికొచ్చింది. ఒంటారియోలో సూ లుకౌట్ దగ్గర పెలికన్ లేక్ స్కూల్ ఉండేది, ఆంగ్లికన్ చర్చి వాళ్ళది. అక్కడి పిల్లల టీమ్ పేరు సూ లుకౌట్ బ్లాక్‌హాక్స్. 1951లో వాళ్ళని అటావా, టొరంటో తిప్పి మ్యాచ్‌లు ఆడించారు, ఫొటోలు తీయించారు. ఆ ఫొటోలు నెట్‌లో ఉన్నాయి, చూడండి. శుభ్రమైన జెర్సీలు, దువ్విన జుట్టు, నవ్వులు. చూసినవాడు ఎంత మంచి బడో అనుకోవాలి, ఫొటోలు తీసింది అందుకే. నవ్వు మాత్రం అబద్ధం కాకపోవచ్చు, రైలెక్కి పట్నం చూసి గెలిచొచ్చిన పన్నెండేళ్ళ పిల్లాడు ఎందుకు నవ్వడు? మన ఊళ్ళో కూడా ఇన్‌స్పెక్షన్ రోజున హాస్టల్లో గుడ్డు కూర పెట్టేవాళ్ళు, ఆ రోజు మేం నిజంగానే సంతోషంగా ఉండేవాళ్ళం.

ఇప్పుడు మా శనివారం క్లాసు సంగతి. కమ్యూనిటీ రింక్‌లో పెట్టే బిగినర్స్ హాకీ, వారానికి నలభై ఐదు నిమిషాలు, పది వారాలు. టైమింగ్ దారుణం, పొద్దున ఆరూ ముప్పావుకి ఐస్ మీద ఉండాలి, అంటే ఐదున్నరకి లేవాలి, ఇంజన్ గడ్డకట్టకుండా రాత్రి బ్లాక్ హీటర్ పెట్టడం మర్చిపోతే కారు స్టార్ట్ అవ్వదు, ఇంక ఆ రోజుకి అంతే. ఈ ఒక్క దానికీ అర మార్కు కట్. మిగతాదంతా సూపర్. మొదటి క్లాసులో స్టిక్ ముట్టుకోనివ్వలేదు. నేర్పింది ఒక్కటే, పడటం. పక్కకి ఎట్లా పడాలి, పడ్డాక చేతులు ఎక్కడ పెట్టాలి, ఒక మోకాలు పైకి తెచ్చి దాని మీద చెయ్యి ఆనించి ఎట్లా లేవాలి. ఇరవై మంది పిల్లలు దబ్ దబ్ అని పడటం, పగలబడి నవ్వడం. కోచ్ ఇరవై రెండేళ్ళ అమ్మాయి, ఒక్కసారి కూడా గట్టిగా అరవలేదు. మా పాప మూడో వారం మధ్యలో కూర్చుని ఏడుపు మొదలుపెడితే ఆ అమ్మాయి కూడా వెళ్ళి పక్కన ఐస్ మీద కూర్చుంది. ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు, గాజు గోడ ఇవతల ఉన్నా. రెండు నిమిషాల తర్వాత ఇద్దరూ లేచారు. 5కి 4.5.

షాపు గురించి: మా పాత బాబ్ స్కేట్స్ పక్కన పడేసి అసలు హాకీ స్కేట్స్ కొనడానికి మొదట వెళ్ళిన షాపు పేరు చెప్పను కానీ అక్కడ మమ్మల్ని బాగా ముంచారు. పెరిగే పిల్ల కదా, రెండు సైజులు పెద్దవి తీసుకోండి, మందం సాక్స్ వేస్తే సరిపోతుంది అన్నాడు కుర్రాడు. మనకి కూడా అదే బుద్ధి కదా, స్కూల్ బూట్లు రెండేళ్ళు రావాలి, కాబట్టి తలూపేశాం. తప్పు. పెద్ద స్కేట్‌లో మడమ ఊగుతుంది, చీలమండ లోపలికి వాలిపోతుంది, పిల్ల నిలబడలేక నాకు చేతకాదు అనుకుంటుంది. హాకీ స్కేట్ మామూలు బూటు సైజు కంటే ఒకటి, ఒకటిన్నర సైజు తక్కువే వస్తుంది. వేళ్ళు ముందు అంచుకి కొద్దిగా తగలాలి, మోకాలు వంచగానే వెనక్కి రావాలి. సాక్స్ పల్చటివే. ఇంకోటి, కొత్త స్కేట్స్‌కి పదును ఉండదు, సాన పట్టించకుండా ఐస్ మీదకి తీసుకెళ్ళకండి, మేం తీసుకెళ్ళాం, పాప అరటి తొక్క మీద కాలేసినట్టు జారింది. షార్పెనింగ్ వాడు హాలో (బ్లేడు అడుగున చెక్కే గాడి) ఎంత అని అడుగుతాడు, చిన్న పిల్లలకి అర అంగుళం అనండి. హెల్మెట్‌కి సీఎస్ఏ (భద్రతా ప్రమాణం) స్టిక్కర్, ముందు జాలీ ఉండాలి. తర్వాత సెకండ్ హ్యాండ్‌లో సరైన సైజు నలభై డాలర్లకి దొరికాయి, కొత్త వాటికి పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరు. ఆ మొదటి షాపుకి 5కి 1, అది కూడా పార్కింగ్ ఫ్రీ కాబట్టి.

లేసులు మూషుమ్ దగ్గర నేర్చుకున్నా. కింద వేళ్ళ దగ్గర వదులుగా, మధ్యలో ఓ మోస్తరు, చీలమండ దగ్గర బిగి. ఆయన చిన్న ఇనప కొక్కెం పెట్టి ఒక్కో వరసా పైకి లాగుతాడు, లాగినప్పుడల్లా పాప ముఖం చూస్తాడు, నొప్పా అని అడగడు. ఫ్రెడ్ మీకు తెలుసా అని అడిగా. ఆడుతుంటే చూశాను అన్నాడు. మీరూ ఆ బడిలోనేనా అంటే "మా అన్న" అని ఒక్క మాట అని రెండో స్కేట్ అందుకున్నాడు. ఇంకేం అడగాలో తెలీక హీటర్ దగ్గర నిలబడ్డా.

ఫ్రెడ్ కథలో నాకు బాగా పట్టుకున్న చోటు ఎన్‌హెచ్‌ఎల్ కాదు. స్కూలు అయిపోయి ఇంటికొచ్చాక, పదిహేను పదహారేళ్ళప్పుడు, ఆ ఫాదరే మూస్ జా అనే ఊరి నుంచి ఒక హాకీ పెద్దమనిషిని వెంటేసుకుని మళ్ళీ ఇంటికి వచ్చాడు. తెల్లవాళ్ళ కారు వస్తుంటే చాలు మళ్ళీ పట్టుకుపోతారనే భయం ఆ కుర్రాడికి. వెళ్ళాడు. తట్టుకోలేక ఒకసారి నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాడు, మూస్ జా నుంచి వాళ్ళ ఊరికి వందల కిలోమీటర్లు. దారిలో ఆ పెద్దమనిషే వెతుక్కుంటూ వచ్చి వెనక్కి తీసుకెళ్ళాడు. తర్వాత జూనియర్స్‌లో దుమ్ము లేపాడు, 1953–54 సీజన్‌లో షికాగో బ్లాక్ హాక్స్ అనే ఎన్‌హెచ్‌ఎల్ టీమ్‌కి 11 మ్యాచ్‌లు ఆడాడు. గోల్ ఒక్కటీ లేదు. ట్రీటీ (ప్రభుత్వంతో ఒప్పందం) హక్కులున్న ఫస్ట్ నేషన్స్, అంటే క్రీ లాంటి ఆదివాసీ తెగల ఆటగాడు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడటం అదే మొదలు అని ఇక్కడ అందరూ చెప్పుకునేది ఆ 11 మ్యాచ్‌ల గురించే. తర్వాత ఇంకొన్నేళ్ళు చిన్న లీగుల్లో ఆడి, ఇంటి మీద బెంగ తట్టుకోలేక వచ్చేశాడు. మందు అలవాటైంది, మానేశాడు, వాళ్ళ నేషన్‌కి చీఫ్ అయ్యాడు, వందల మంది పిల్లల్ని హాకీలో పెట్టాడు. ఆర్డర్ ఆఫ్ కెనడా అనే పురస్కారం ఇచ్చారు. 2020 నవంబర్ 24న కోవిడ్‌తో పోయాడు, 86 ఏళ్ళు.

అందుకే ఎవరైనా ఆ బడి లేకపోతే ఆయన అంత దూరం వెళ్ళేవాడు కాదు కదా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆఫీసులో ఒకాయన అన్నాడు కూడా, మామూలుగా మంచివాడే. తాత సరస్సు మీద స్కేట్స్ కట్టాడు, స్టిక్ చేసిచ్చాడు, పిల్లాడికి అప్పటికే ఆట వచ్చు. ట్రక్కు పిల్లాణ్ణి ఆ ఐస్ మీంచి ఎత్తుకొచ్చి, అదే ఆటని గంట లెక్కన, పట్టీ చూపించి తిరిగిచ్చింది. పేరు మాత్రం బడికి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం డక్ లేక్ వెళ్ళాం. హైవే 11 మీద మా ఇంటి నుంచి గంట కూడా పట్టదు. చిన్న ఊరు, గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు, 1885లో మెటీ వాళ్ళు (ఆదివాసీ, యూరప్ సంతతి కలిసిన జనం) ప్రభుత్వం మీద చేసిన పోరాటం ఇక్కడే మొదలైంది కాబట్టి వాళ్ళ చరిత్ర అంతా గోడల మీదే ఉంటుంది. గాలి చెవులు కోసేస్తోంది. మా ఆవిడ థర్మాస్‌లో టీ తెచ్చింది, కార్లోనే తాగాం. పాప వెనక సీట్లోంచి "ఆ ఫ్రెడ్ తాత బాబ్ స్కేట్స్ ఇక్కడికి తెచ్చుకున్నాడా?" అని అడిగింది. లేదమ్మా, వాళ్ళ తాత దగ్గరే ఉండిపోయాయి అనుకుంటా అన్నా. నాకు తెలీదు నిజానికి. ఆ ప్రశ్న ఏ పుస్తకంలోనూ నాకు తట్టలేదు.

ఇంకో సంగతి, ఆ బళ్ళలో హాకీ ఎక్కువగా మగపిల్లలకే. ఆడపిల్లలకి కుట్టుపని, లాండ్రీ, వంటిల్లు. కెనడా ఆడవాళ్ళ ఒలింపిక్ హాకీ టీమ్‌లో మొదటి ఫస్ట్ నేషన్స్ అమ్మాయి బ్రిజిట్ లకెట్ 2018లో వచ్చింది, మా సాస్కచెవాన్‌లోని కోట్ ఫస్ట్ నేషన్ అమ్మాయే. పాప గోడ మీద ఇప్పుడు ఆ అమ్మాయి ఫొటో ఉంది, ఎల్సా పోస్టర్ పక్కన.

క్లాసు వచ్చే అక్టోబర్‌లో మళ్ళీ మొదలవుతుంది, రిజిస్ట్రేషన్ ఆగస్టులోనే నిండిపోతుంది కాబట్టి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. బాబ్ స్కేట్స్ అమ్మేద్దామనుకున్నా, పది డాలర్లన్నా వస్తాయని. పాప ఒప్పుకోలేదు. పట్టీలు రెండూ గుండ్రంగా చుట్టి, సంచిలో పెట్టి, మూషుమ్ గుడిసెలో కొక్కేనికి తగిలించి వచ్చింది. మీ పిల్లలకి కావాలంటే అక్కడున్నాయి, ఎడమ కాలి బకిల్ కొంచెం వదులు.